జాబితాలో ఖాళీ లేదు

పాత కారే. స్టీరింగు మీద తోలు
రెండు బొటనవేళ్ల దగ్గర అరిగి నున్నబడింది.
లేసు మూటలు మోపెడ్ మీద మోసీ మోసీ
నడుం పట్టేశాక కొన్నాను, పాలకొల్లు రోడ్డులో,
బేరం సరిగా ఆడకుండానే.

పాట పెట్టుకుందామని ఫోను కలపబోతే
తెర ఒప్పుకోలేదు:
అయిదూ నిండాయి, ఒకటి తీసెయ్యమంది.

పెదబాబు గెలాక్సీ
హేచరీ ఆఫీసు
లలితాంబ వివో
డ్రైవర్ ఏసు
పండు ట్యాబ్

రేషన్ కార్డులో పేర్లలా ఒక ఇల్లంతా వరసగా నిలబడింది.
ఆ ఇంటి సంగతి మధ్యవర్తి చెప్పాడులెండి,
అడక్కుండానే.
వరసగా రెండు పంటలు తెల్లమచ్చ కొట్టేసిందట,
మూడోసారి రొయ్య పిల్ల వదలక ముందే
బ్యాంకువాళ్లు గట్టు మీదకి వచ్చారట.

పాట వినడానికి కూర్చున్నదాన్ని,
ఇంకోళ్లింట్లో పేరు కొట్టెయ్యడం నాకేం పని?
పెదబాబు గారిని తీస్తే బాగోదు.
ఆఫీసు తీస్తే మళ్లీ ఇంకోసారి మూయించినట్టు.
ఏసుకి ఏ బండి దొరికిందో, అసలు దొరికిందో లేదో.
ట్యాబ్ మీద వేలు పెట్టాను,
పిల్లలు ఎలాగూ పెద్దవుతారు కదా అని.

తొలగించాలా? అంది.
అవునన్నాను.
అడగడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

రెండు తెరల మీదా ఆరంకెలు వచ్చాయి,
ఒకటేనేమో చూసుకోమంటూ.
రెండుసార్లు చూసుకున్నాను.
గొలుసు కుట్టులో ఒక్క కన్ను తప్పితే
టేబుల్ గుడ్డంతా వంకర పోతుంది,
లెక్క చూసుకోమని నాకు ఒకరు చెప్పాలా?
సుగుణమణి ఫోను, అయిదో వరసలో,
అద్దెకి దిగినట్టు.

నెల తర్వాత నర్సాపురం రేవులో
కారు పంటు ఎక్కించాను, సఖినేటిపల్లికి.
గోదారి ఆటు మీద ఉంది. ఇసుక మేట తగలకుండా
పంటు చుట్టు తిరిగి పోతోంది.
నడిమధ్యలో నా ఫోను చార్జింగ్ అయిపోయింది.
పాట చరణంలోనే ఆగింది.
వైరు ఉంది. మెడ దగ్గర విరిగితే దారం చుట్టాను,
వంకరగా పట్టుకుంటే తప్ప ఎక్కదు.

తెర కాసేపు గిర్రున తిరిగింది,
నేను కాకపోతే ఇంకెవరున్నారా అని.

లలితాంబ వివో కలిసింది.

మోటారు సైకిళ్ల మధ్య, చేపల తట్టల పక్కన
నీలం చీరావిడ ఫోను చెవికి ఆనించి
హలో, హలో అంటోంది, నీళ్లకేసి చూస్తూ.
జవాబు నా కార్లో వస్తోంది, నాలుగు స్పీకర్లలోంచీ:
"అమ్మా! వినపడుతోందా? అమ్మా!"

అద్దం దించి పిలిచాను.
"ఏవండీ, మీ అమ్మాయి ఇక్కడుందండి."

ఆవిడ ముందు కారు నంబరు చూసింది.
తర్వాత నన్ను.
ఏమీ అనకుండా వచ్చి పక్క సీట్లో కూర్చుంది.
సీటు కింద మీట కోసం నేను నెల్లాళ్లు తడుముకున్నాను;
ఆవిడ చెయ్యి చూడకుండానే పట్టుకుని
కాస్త పైకెత్తి లాగింది.
సీటు చెప్పిన మాట విని ముందుకి జరిగింది.

"ఏంటమ్మా, కార్లో ఉన్నట్టుంది నీ గొంతు?"

"పంటు మీదున్నానే పండూ. గాలి."

"తిన్నావా?"

"ఆఁ."

గాలేం లేదు.
వెనక్కి తిరిగి లేసు మూట ముడి విప్పాను,
మళ్లీ కట్టాను.

రేవు తగిలాక దిగుతూ
చీర చెంగుతో డ్యాష్‌బోర్డు మీద దుమ్ము తుడిచింది.
"ఏసీ రెండులో పెట్టకండి, చప్పుడొస్తుంది" అంది.
ఆవిడ గట్టెక్కి ఆటో దాకా నడిచేసరికి
తెర మీద పేరు ఆరిపోయింది.

ఆ సాయంత్రమే కొత్త వైరు కొన్నాను, నూట ఇరవై.
ఇప్పుడు పాట ఎక్కడా ఆగదు.
ముందు సీట్లో మూటలు మాత్రం పట్టడం లేదు.
ఇంకా వెనక్కి జరపలేదు.